అనువాదానికి పంపే ముందు టెక్స్ట్ ఫ్రేములను కలపడం గురించి

పేజీ మీద ఒకే వాక్యంగా కనిపించేది ఫైలు లోపల రెండు టెక్స్ట్ ఫ్రేముల్లో, అంటే పాఠాన్ని ఉంచే రెండు పెట్టెల్లో, రెండు ముక్కలుగా ఉండవచ్చు. పై ఫ్రేములోని చివరి పంక్తి నుంచి కింది ఫ్రేములోని మొదటి పంక్తికి పాఠకుడి కన్ను దానంతటదే వెళ్తుంది కనుక, అచ్చయిన పేజీ చదివేవారికి ఆ సంగతి తెలియదు. అనువాద సాఫ్ట్‌వేర్ చదివేది పేజీని కాదు, ఫైలు లోపలి అమరికను. అక్కడ రెండు ఫ్రేముల మధ్య లింకు లేకపోతే, వాటిలోని పాఠానికి పరస్పర సంబంధం లేదనే అది తీర్మానిస్తుంది. లేఅవుట్ ఫైళ్ల నుంచి తెలుగులోకి అనువాదం చేసేవారికీ, అలాంటి ఫైళ్లను అనువాదకులకు సిద్ధం చేసి పంపే డీటీపీ వారికీ పనికివస్తుందని, ఈ ముక్కలను ఎప్పుడు కలపాలో, ఎలా కలపాలో, ఎక్కడ కలపకూడదో కొంత వివరంగా రాస్తున్నాను.

పేజీలు అమర్చే అడోబీ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో ఒక ఫ్రేములోనో, ఒకదానికొకటి లింకు చేసిన ఫ్రేముల వరుసలోనో పారే పాఠమంతటినీ కలిపి స్టోరీ అంటారు. ఫ్రేములు పది ఉన్నా వాటి మధ్య లింకు ఉంటే స్టోరీ ఒకటే; లింకు లేని పది ఫ్రేములు ఉంటే స్టోరీలు పది. అనువాదానికి సాధారణంగా పంపేది ఐడీఎంఎల్ ఫైలు. 2008లో సీఎస్4 కూర్పుతో వచ్చిన ఈ రూపం నిజానికి ఒక జిప్ పొట్లం. దాన్ని విప్పి చూస్తే స్టోరీస్ అనే ఫోల్డరులో ఒక్కో స్టోరీకి ఒక్కో ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉంటుంది. పేజీ మీద ఫ్రేములు ఎక్కడ ఉన్నాయన్న వివరం మాత్రం స్ప్రెడ్స్ అనే వేరే ఫోల్డరులో ఉంటుంది. ప్రతి ఫ్రేముకూ అది ఏ స్టోరీకి చెందినదో, దానికి ముందున్న ఫ్రేము ఏదో, తరువాతి ఫ్రేము ఏదో అక్కడే నమోదవుతాయి. అంటే ఒక డిజైనరు లింకు చేయకుండా వదిలిన రెండు ఫ్రేముల్లోని పాఠం ఈ పొట్లంలో రెండు వేర్వేరు ఫైళ్లలో కూర్చుంటుంది. ఒకదాని చివర తెగిన వాక్యం మరోదాని మొదట్లో కొనసాగుతోందని తెలిపే ఆధారం ఎక్కడా ఉండదు.

ట్రాడోస్, మెమోక్యూ వంటి అనువాద సాధనాలు ఈ పొట్లాన్ని తెరిచి, స్టోరీ వెంట స్టోరీ చదువుతూ, పేరాల ముగింపులనూ వాక్యాంతపు గుర్తులనూ చూసుకుంటూ పాఠాన్ని సెగ్మెంట్లుగా, అంటే దాదాపు వాక్యానికొకటిగా ఉండే ముక్కలుగా, విడగొడతాయి. సెగ్మెంటు ఒక స్టోరీ సరిహద్దును దాటి రెండోదానిలోకి వెళ్లలేదు. పైగా స్టోరీలు వచ్చే వరుస పేజీ వరుసతో సరిపోవాలని లేదు. డిజైనరు ఏ ఫ్రేమును ముందు సృష్టించాడు, దేన్ని ఎక్కడి నుంచి కాపీ చేశాడు అన్న వాటిని బట్టి ఆ వరుస తారుమారవుతుంది. అందువల్ల ఒక వాక్యం మొదటి సగం ఇరవయ్యో సెగ్మెంటుగానూ, రెండో సగం రెండు వందలవ సెగ్మెంటుగానూ అనువాదకుల ముందుకు రావచ్చు. ఒక్కోసారి రెండో సగమే ముందు వస్తుంది.

ఈ చీలిక ఏ భాషలోకి అనువదించినా ఇబ్బందే. తెలుగులోకి అనువదించేటప్పుడు మాత్రం అది ఇబ్బందిగా మిగలదు, పనినే అసాధ్యం చేస్తుంది. కారణం వాక్య నిర్మాణంలో ఉంది. నీటి పంపుకు సంబంధించిన సూచనల పుస్తకంలో ఒక ఆంగ్ల వాక్యం ఉందనుకుందాం. ఎడమవైపు వాల్వును మూసివేయండి అనే ఆదేశం దాని మొదటి సగం, మోటారు వేయడానికి ముందు అనే నియమం దాని రెండో సగం. మొదటి సగం ఒక ఫ్రేములోనూ, రెండోది పక్క ఫ్రేములోనూ ఉన్నాయి. తెలుగులో ఆ వాక్యం సహజంగా ‘మోటారు వేయడానికి ముందు ఎడమవైపు వాల్వును మూసివేయండి’ అని వస్తుంది. క్రియ చివరకు చేరాలి, షరతు ముందుకు రావాలి, అంటే రెండు ఫ్రేముల్లోని విషయం స్థానాలు మార్చుకోవాలి. అనువాదకులు ఏ ముక్కకు ఆ ముక్క నమ్మకంగా అనువదిస్తే ‘ఎడమవైపు వాల్వును మూసివేయండి’ అని మొదటి ఫ్రేములో వాక్యం ముగిసిపోయి, ‘మోటారు వేయడానికి ముందు’ అని రెండో ఫ్రేములో ఒక తోక వేలాడుతుంది. వాక్యం బాగుండాలని స్థానాలు మార్చి నింపితే పేజీ మీద సరిగ్గా కనిపిస్తుంది గానీ, అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

ఆ నష్టం ట్రాన్స్‌లేషన్ మెమరీకి జరుగుతుంది. అనువాదకులు ఆమోదించిన ప్రతి సెగ్మెంటూ మూలంతో జతపడి మెమరీలో నిలుస్తుంది. పైన చెప్పినట్టు స్థానాలు మార్చి నింపితే, వాల్వును మూసివేయమనే ఆంగ్ల ముక్కకు ‘మోటారు వేయడానికి ముందు’ అనేది సరైన తెలుగుగా నమోదవుతుంది. కొంతకాలం తరువాత మరో యంత్రపు పుస్తకంలో వాల్వును మూసివేయమనే సూచన విడిగా వచ్చినప్పుడు, సాధనం దాన్ని నూటికి నూరు శాతం సరిపోలినదిగా చూపి, ఆ తప్పుడు తెలుగును తానే నింపుతుంది. నూరు శాతం సరిపోలిన సెగ్మెంట్లను మళ్లీ చదవనక్కరలేదనే పద్ధతి చాలా చోట్ల ఉంది కాబట్టి ఆ తప్పు ఎవరి కంటా పడకుండా అచ్చుకు వెళ్లగలదు. భద్రతా సూచనల్లో ఇలాంటిది జరిగితే ఎవరికో ప్రమాదం జరగవచ్చు. ఫ్రేములను కలపడం అందానికో సౌకర్యానికో చేసే పని కాదని నేను గట్టిగా నమ్మడానికి ముఖ్య కారణం ఇదే.

అనువాద సాధనంలోనే రెండు సెగ్మెంట్లను కలిపేయవచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఒకే పేరాలోని సెగ్మెంట్లను కలపడానికి దాదాపు అన్ని సాధనాలూ అనుమతిస్తాయి. పేరాలు వేరైతే చాలా సాధనాలు ఒప్పుకోవు. ఒప్పుకునే చోట కూడా, కలిపిన వాక్యమంతా మొదటి పేరాలోకి వెళ్లి రెండో పేరా ఖాళీగా మిగులుతుంది. ఆ ఫైలును తిరిగి ఇన్‌డిజైన్‌లో తెరిస్తే మొదటి ఫ్రేము పాఠంతో పొంగిపొర్లుతూ, రెండో ఫ్రేము బోసిగా కనిపిస్తుంది. అప్పుడు లక్ష్యభాష తెలియని డిజైనరు ఆ పాఠాన్ని ఎక్కడ తెంచి రెండో ఫ్రేములోకి జరపాలో ఊహించుకోవలసి వస్తుంది. కలిపే పని లేఅవుట్ ఫైలులోనే, మూలభాషలోనే, ఎక్స్‌పోర్టుకు ముందే జరగాలి. ఒకే పుస్తకం ఎనిమిది భాషల్లోకి వెళ్తుంటే, మూలంలో ఒకసారి కలిపితే ఎనిమిది భాషలకూ సరిపోతుంది. కలపకపోతే అదే ఇబ్బందిని ఎనిమిది మంది అనువాదకులు, ఎనిమిది రకాలుగా, ఎవరికి వారు పడాలి.

పాఠం ఇలా ముక్కలవడానికి కారణాలు చాలానే ఉంటాయి. గడువు ముంచుకొస్తున్నప్పుడు ఫ్రేములో పట్టని నాలుగు పంక్తులను కత్తిరించి పక్కన కొత్త ఫ్రేములో అతికించడం, లింకు చేయడం కన్నా చేతికి త్వరగా వచ్చే పని. బొమ్మ చుట్టూ పాఠం పారాల్సిన చోట టెక్స్ట్ వ్రాప్ వాడకుండా, బొమ్మకు పైన ఒక ఫ్రేము, పక్కన ఒకటి, కింద ఒకటి పెట్టేవారున్నారు. పేరా మొదటి అక్షరాన్ని పెద్దదిగా చూపడానికి ఆ ఒక్క అక్షరాన్ని విడి ఫ్రేములో పెట్టడం మరో అలవాటు. అప్పుడు అనువాదకులకు ఒక సెగ్మెంటులో ఒంటరి అక్షరం, మరో సెగ్మెంటులో తల తెగిన పదం కనిపిస్తాయి. ఇన్‌డిజైన్‌లో పేరా శైలిలోనే డ్రాప్ క్యాప్ అమరిక ఉంది. ఆ అక్షరాన్ని పేరాలోకి తెచ్చి, ఆ అమరికను వాడితే ముక్కా పోతుంది, అందమూ నిలుస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ ముక్కలు పీడీఎఫ్ నుంచి వెనక్కి మార్చిన ఫైళ్లలో ఉంటాయి. ఏ అక్షరాన్ని పేజీ మీద ఏ చోట గీయాలో చెప్పడమే పీడీఎఫ్ ప్రధాన పని. ప్రత్యేకంగా ట్యాగులు చేర్చి తయారు చేయకపోతే పేరా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న సమాచారం అందులో ఉండదు. అందుకే పీడీఎఫ్‌ను బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇల్లస్ట్రేటర్‌లో తెరిచినా, ఏదైనా మార్పిడి సాఫ్ట్‌వేర్‌తో లేఅవుట్ ఫైలుగా మార్చినా, తరచుగా ఒక్కో పంక్తి ఒక్కో బాక్సుగా వస్తుంది. ఇలాంటి ఫైలు చేతికి వచ్చినప్పుడు, ముందుగా అసలు లేఅవుట్ ఫైలు ఎక్కడైనా దొరుకుతుందేమో పట్టుబట్టి అడగాలి. ఆ ఒక్క ప్రశ్న రోజుల తరబడి శ్రమను తప్పించగలదు.

ఇక ఏవి కలపాలి, ఏవి కలపకూడదు అన్న ప్రశ్న. ఇది ఏ ఆదేశమూ నిర్ణయించగలిగినది కాదు, పేజీని చదివి నిర్ణయించవలసినది. ఒక వాక్యం ఒక ఫ్రేములో తెగి మరో ఫ్రేములో కొనసాగుతుంటే కలిపి తీరాలి. వాక్యం తెగకపోయినా, ఒకే వ్యాసపు పేరాలు వరుసగా వేర్వేరు ఫ్రేముల్లో ఉంటే కలపడమే మంచిది. ముందు పేరాలో ప్రస్తావించిన మనిషిని తరువాతి పేరాలో సర్వనామంతో సూచించినప్పుడు, ఆ మనిషి స్త్రీయో పురుషుడో, గౌరవ బహువచనం వాడాలో వద్దో తెలియడానికి అనువాదకులకు ఆ రెండు పేరాలూ పక్కపక్కన కనిపించాలి. ఆంగ్ల సర్వనామాల్లో లేని గౌరవ భేదాన్ని తెలుగులో ఎంచుకోక తప్పదు కదా.

అలాగని పేజీలోని ఫ్రేములన్నిటినీ ఒకే తాడుకు కట్టడం కూడా హాని చేస్తుంది. యంత్రపు బొమ్మ చుట్టూ బాణపు గుర్తులతో ఉన్న భాగాల పేర్లను ఒకదానికొకటి లింకు చేశామనుకోండి. అనువాదంలో ఒక పేరు పొడవై రెండు పంక్తులైతే దాని రెండో పంక్తి పక్క ఫ్రేములోకి జారుతుంది, ఆ పక్క ఫ్రేములోని పేరు దాని పక్కకు జారుతుంది, చివరకు ఒక్కో బాణం పక్కన వేరే భాగం పేరు నిలుస్తుంది. పేజీ చూడటానికి నిండుగా, శుభ్రంగానే ఉంటుంది కాబట్టి ఆ భాష రాని డిజైనరు దాన్ని గుర్తించలేరు. బొమ్మల కింది వివరణలు, పట్టికల శీర్షికలు, పేజీ అంచుల్లో పునరావృతమయ్యే పేర్లు, విడిగా వేసిన చిన్న పెట్టె కథనాలు, ఇవన్నీ వేటికవి సంపూర్ణమైనవి. వాటిని విడిగానే ఉంచి, అవి పేజీలో ఎక్కడున్నాయో తెలియడానికి అనువాదకులకు ఒక పీడీఎఫ్ జతచేసి పంపితే చాలు.

శీర్షిక ఒక ఫ్రేములోనూ, దాని కింది వ్యాసం మరో ఫ్రేములోనూ ఉన్నప్పుడు అభిప్రాయాలు వేరుగా ఉంటాయి. సాధారణంగా నేను ఆ రెండింటినీ కలపను. శీర్షిక వాక్యం వ్యాసంలోకి తెగి పారదు, పీడీఎఫ్ చూస్తే సందర్భం తెలుస్తుంది. అయితే పత్రిక మొత్తం ఇలాంటి విడి శీర్షికలతో నిండి, అవన్నీ అనువాద సాధనంలో ఒకచోట గుంపుగా, ఏ వ్యాసానికి ఏదో తెలియని విధంగా వచ్చిపడుతుంటే మాత్రం కలపడమే అనువాదకులకు మేలు చేస్తుంది.

ఇన్‌డిజైన్‌లో కలిపే పద్ధతి చూడటానికి చాలా సులువు. ముందుగా మూల ఫైలుకు అనువాదం కోసం ఒక ప్రతి తీసుకోవాలి. డిజైనరు దగ్గరి అసలు ఫైలును ఎప్పుడూ తాకకూడదు. తరువాత వ్యూ మెనూలోని ఎక్స్‌ట్రాస్ కింద షో టెక్స్ట్ థ్రెడ్స్ అనే అమరికను పెట్టుకుని ఫ్రేములను ఎంచుకుంటే, ఇప్పటికే ఉన్న లింకులు గీతలుగా కనిపిస్తాయి. గీత లేని చోటే పని ఉంది. మొదటి ఫ్రేము కింది కుడి మూల దగ్గరున్న అవుట్ పోర్టును సెలెక్షన్ సాధనంతో నొక్కి, రెండో ఫ్రేము మీద నొక్కితే రెండూ లింకవుతాయి. రెండో ఫ్రేములో అప్పటికే ఉన్న పాఠం పోదు. అది మొదటి స్టోరీ చివరకు వెళ్లి చేరుతుంది. లాక్ చేసిన లేయరులో ఉన్న ఫ్రేములకు ముందు ఆ తాళం తీయాలి, మాస్టర్ పేజీ (కొత్త కూర్పుల్లో దీన్ని పేరెంట్ పేజీ అంటారు) నుంచి వచ్చిన ఫ్రేములైతే వాటిని పేజీ మీద ఓవర్‌రైడ్ చేయాలి, అంటే ఆ పేజీలో మార్చగలిగేలా చేయాలి.

అతుకు పడే చోటును మాత్రం ప్రతిసారీ కళ్లతో చూడాలి. పాఠం చేరేటప్పుడు ఇన్‌డిజైన్ మధ్యలో ఎంటర్ గానీ ఖాళీ గానీ తనంతట తాను పెట్టదు. మొదటి ఫ్రేములోని పాఠం చివర పేరా గుర్తు లేకపోతే, దాని చివరి పదమూ రెండో ఫ్రేములోని మొదటి పదమూ అతుక్కుపోయి ఒకే పదమవుతాయి. రెండు పేరాల శైలులు వేరైతే కలిసిన పేరాకు ఒకే శైలి మిగులుతుంది. వాక్యం కొనసాగుతున్న చోట ఒక ఖాళీ పెట్టాలి, కొత్త పేరా మొదలయ్యే చోట ఎంటర్ పెట్టాలి. వాక్యం కొనసాగుతుండగా మొదటి ఫ్రేము చివర ఎవరో ఎంటర్ కొట్టి ఉంటే దాన్ని తీసేయాలి, లేకపోతే లింకు చేసి కూడా ప్రయోజనం ఉండదు; స్టోరీ ఒకటే అయినా వాక్యం రెండు సెగ్మెంట్లుగానే తెగుతుంది. పదాన్ని విరిచి చేత్తో కొట్టిన హైఫను ఉంటే దాన్నీ తొలగించాలి. ఇవన్నీ పేజీ మీద కన్నా స్టోరీ ఎడిటర్‌లో తేలిగ్గా కనిపిస్తాయి. కంట్రోల్, వై కీలు కలిపి నొక్కితే తెరుచుకునే ఆ కిటికీలో, అలంకారాలేవీ లేకుండా, అనువాద సాధనం చూడబోయే క్రమంలోనే పాఠం కనిపిస్తుంది.

రెండో చిక్కు పాఠం పైకి పాకడం. మొదటి ఫ్రేము అడుగున ఖాళీ స్థలం ఉంటే, లింకు చేయగానే రెండో ఫ్రేములోని పాఠం పైకి ఎగబాకి ఆ ఖాళీని నింపుతుంది. కొత్త పేరా తప్పనిసరిగా రెండో ఫ్రేములోనే మొదలవ్వాలంటే రెండు మార్గాలున్నాయి. ఒకటి, టైప్ మెనూలోని ఇన్సర్ట్ బ్రేక్ క్యారెక్టర్ నుంచి ఫ్రేమ్ బ్రేక్ గుర్తు పెట్టడం. రెండోది, ఆ పేరా శైలిలోని కీప్ ఆప్షన్స్‌లో స్టార్ట్ పేరాగ్రాఫ్ దగ్గర ఇన్ నెక్స్ట్ ఫ్రేమ్ అని ఎంచుకోవడం. నేను రెండోదానినే ఇష్టపడతాను. ఫ్రేమ్ బ్రేక్ పాఠంలో ఉండే ఒక గుర్తు కాబట్టి అనువాద క్రమంలో ఎవరైనా పొరపాటున దాన్ని చెరపవచ్చు, లేదా అదనంగా చేర్చవచ్చు. శైలిలో ఉన్న అమరిక అనువాదకుల చేతికి అందదు, ఏ భాషలోకి వెళ్లినా చెక్కుచెదరదు. వాక్యం మధ్యలో మాత్రం ఫ్రేమ్ బ్రేకును ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు, ఎందుకంటే ఐడీఎంఎల్‌లో అది పేరా ముగింపుగానే నమోదై, మనం కలిపిన వాక్యాన్ని మళ్లీ తెంచుతుంది. అలాంటి చోట పాఠాన్ని సహజంగా పారనివ్వాలి. తెలుగులో పొడవు మారుతుంది కాబట్టి వాక్యం వేరే చోట విరిగి రెండో ఫ్రేములోకి వెళ్తుంది, అలా వెళ్లడమే సరైనది.

కలిపే పనిలో ఉండగానే షిఫ్ట్, ఎంటర్‌తో పెట్టిన బలవంతపు పంక్తి విరుపులను కూడా చూడటం మంచిది. పంక్తి అందంగా ముగియడానికి డిజైనర్లు పెట్టే ఈ విరుపులు కొన్ని సాధనాల్లో సెగ్మెంటును తెంచుతాయి, మరికొన్నింటిలో వాక్యం మధ్యలో ఒక ట్యాగుగా మిగులుతాయి. శీర్షికల్లో కావాలని పెట్టినవాటిని వదిలేసి, పేరాల్లో ఉన్నవాటిని ఖాళీతో భర్తీ చేయాలి. పంక్తిని పట్టించడానికి అక్షరాల మధ్య ఎడాన్ని చేత్తో సవరించి ఉంటే, అలా సవరించిన ప్రతి ముక్కా ఐడీఎంఎల్‌లో వేరే భాగమై, అనువాదకులకు ఒకే పదంలో రెండు మూడు ట్యాగులు కనిపిస్తాయి. అనువాదం కోసం ఫైలు నుంచి పాఠాన్ని బయటికి తీసే ఓకాపీ వంటి ఫిల్టర్లలో ఈ ఎడాల తేడాలను పట్టించుకోవద్దని చెప్పే అమరికలున్నాయి. అవి లేని చోట ఫైలులోనే శుభ్రం చేయాలి.

ఫ్రేములు వందల్లో ఉన్నప్పుడు ఒక్కొక్కటీ చేత్తో కలపడం కుదరదు, స్క్రిప్టు కావాలి. ఇన్‌డిజైన్‌లో జావాస్క్రిప్టుతో రాసే ఇలాంటి స్క్రిప్టు చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ఎంచుకున్న ఫ్రేముల చుట్టు కొలతలను చదివి, వాటిని పేజీ వరుసలో, తరువాత పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి పేర్చి, ప్రతి ఫ్రేముకూ తరువాతి ఫ్రేము ఏదో చెబితే లింకు ఏర్పడుతుంది. చుట్టు కొలతలు పై అంచు, ఎడమ అంచు, కింది అంచు, కుడి అంచు అనే క్రమంలో వస్తాయన్నది గుర్తుంచుకోవాలి. పక్కపక్కన ఉన్న రెండు ఫ్రేముల పై అంచులు మిల్లీమీటరులో పదో వంతు తేడాతో ఉన్నా క్రమం తారుమారవుతుంది కాబట్టి కొంత సడలింపు ఇవ్వాలి. వార్తాపత్రిక తరహా పేజీల్లో నిలువు వరుసను ముందు ముగించి తరువాతి వరుసకు వెళ్లాలి, అక్కడ పై నుంచి కిందికి పేర్చే లెక్క సరిపోదు. అందుకే పేజీ మొత్తానికి కాకుండా, మనం చదివి ఎంచుకున్న ఫ్రేములకు మాత్రమే పనిచేసే స్క్రిప్టును వాడటమే క్షేమం.

పంక్తికొక బాక్సుగా వచ్చిన ఫైలులో లింకు చేయడం సగం పని మాత్రమే. మార్పిడిలో ప్రతి పంక్తి చివరా పేరా గుర్తు వచ్చి ఉంటే, అన్నీ కలిపాక వాటిలో అక్కరలేనివాటిని తీసేయాలి. మూలం ఆంగ్లమైతే, చిన్న అక్షరంతో మొదలయ్యే పేరాకు ముందున్న ఎంటర్‌ను ఖాళీగా మార్చమని గ్రెప్ వెతుకులాటలో (పదాన్ని కాక నమూనాను బట్టి వెతికే పద్ధతిలో) చెబితే చాలా భాగం సర్దుకుంటుంది. మూలం తెలుగో, పెద్ద చిన్న అక్షరాల భేదం లేని మరో భాషో అయితే ఆ కిటుకు పనిచేయదు. వాక్యాంతపు గుర్తు లేకుండా ముగిసిన పేరాలను వెతకాలి, శీర్షికలను పొరపాటున కలపకుండా ఒక్కొక్కటిగా చూసి ఒప్పుకోవాలి. పాఠం శుభ్రమయ్యాక ఆ చిన్న బాక్సులన్నిటినీ ఉంచడంలో అర్థం లేదు, సరిపడేంత పెద్ద ఫ్రేము ఒకటి గీసి పాఠాన్ని అందులోకి మార్చాలి. పక్కపక్కన మూడు ఫ్రేములుగా ఉన్న వరుసలను కూడా చాలాసార్లు మూడు కాలమ్‌లున్న ఒకే ఫ్రేముగా మార్చవచ్చు. ఫ్రేములను గడులుగా పేర్చి పట్టికలా కనిపించేలా చేసిన చోట మాత్రం లింకు చేయకుండా నిజమైన పట్టికగానే మార్చాలి. అడ్డ వరుస ప్రకారం చదవవలసిన విషయాన్ని నిలువుగా లింకు చేస్తే అర్థమే మారిపోతుంది.

మిగతా సాఫ్ట్‌వేర్లలో మార్గాలు కొంచెం వేరు. ఇల్లస్ట్రేటర్‌లో పాయింట్ టైప్‌ను, అంటే పెట్టె లేకుండా ఒక బిందువు దగ్గర మొదలయ్యే పాఠాన్ని, లింకు చేయలేము, దాన్ని ముందు పెట్టెలో పారే ఏరియా టైప్‌గా మార్చాలి. కోరెల్‌డ్రాలో కంబైన్ ఆదేశం పాఠపు బాక్సులను కలిపి ఒకటిగా చేస్తుంది. వర్డ్‌లో ఖాళీ బాక్సుకు మాత్రమే లింకు ఇవ్వగలం, కాబట్టి రెండో బాక్సులోని పాఠాన్ని కత్తిరించి మొదటి బాక్సు చివర అతికించి, ఆ తరువాత లింకు చేయాలి. పవర్‌పాయింట్‌లో లింకు అనేదే లేదు; తెగిన వాక్యాన్ని ఒకే బాక్సులోకి తేవడం ఒక్కటే దారి.

కలపడం అయ్యాక ఫైలును నేరుగా అనువాదకులకు పంపకుండా ఒక పరీక్ష చేయాలి. ఐడీఎంఎల్‌ను అనువాద సాధనంలోకి తీసుకుని, సెగ్మెంట్లను పై నుంచి కింది వరకు ఒకసారి చదివితే ఎక్కడ వాక్యం ఇంకా తెగుతోందో వెంటనే తెలుస్తుంది. చాలా సాధనాల్లో ఉత్తుత్తి అనువాదం చేసే సదుపాయం ఉంటుంది. ప్రతి సెగ్మెంటునూ పొడిగించిన నకిలీ పాఠంతో నింపి, దాన్ని తిరిగి ఇన్‌డిజైన్‌లో తెరిస్తే ఏ ఫ్రేము ఎక్కడికి పారుతుందో, ఏది పట్టక పొంగుతుందో అసలు అనువాదం మొదలవకముందే కనిపిస్తుంది.

తెలుగు పాఠం తిరిగి వచ్చినప్పుడు ఈ కలపడం వల్ల మరో మేలు కూడా ఉంది. వత్తులు కిందికీ, గుడులు పైకీ పెరగడం వల్ల తెలుగుకు పంక్తుల మధ్య ఎడం ఎక్కువ కావాలి, ఆంగ్లానికి సరిపోయిన ఫ్రేము తెలుగుకు తరచుగా సరిపోదు. ఫ్రేములు విడివిడిగా ఉంటే ఒక్కోదానిలో పట్టని పాఠాన్ని ఒక్కోచోట సర్దాలి. లింకు అయి ఉంటే ఒక ఫ్రేములో మిగిలినది తరువాతి ఫ్రేములోకి పారుతుంది, పట్టనిదేమైనా ఉంటే స్టోరీ చివరి ఫ్రేము దగ్గర ఎర్రని కూడిక గుర్తుగా ఒకేచోట తేలుతుంది. పేరా శైలిలో అక్షరాలను పంక్తుల్లో కూర్చే అడోబీ వరల్డ్-రెడీ కంపోజర్‌ను ఎంచుకోవడం మరవకూడదు, లేకపోతే సంయుక్తాక్షరాలు విడిపోయి కనిపిస్తాయి. తెలుగు సహా భారతీయ భాషలకు ఈ కంపోజర్ 2012లో వచ్చిన సీఎస్6 నుంచి ఇన్‌డిజైన్‌లో అందుబాటులో ఉంది. కంపోజరూ, ఫాంటూ, పంక్తుల ఎడమూ మూడింటినీ శైలిలోనే మార్చితే లింకు అయిన స్టోరీ మొత్తం ఒక్కసారిగా సర్దుకుంటుంది.

అచ్చుకు వెళ్లే ముందు ఫ్రేములు మళ్లీ విడిగా కావాలని డిజైనరు అడిగితే, ఇన్‌డిజైన్‌తో పాటు వచ్చే నమూనా స్క్రిప్టుల్లో స్ప్లిట్ స్టోరీ అనేది ఆ పని చేస్తుంది. ఏ ఫ్రేములో కనిపిస్తున్న పాఠాన్ని ఆ ఫ్రేములోనే ఉంచి లింకులు తెంచుతుంది. దాన్ని చివరి ప్రూఫు ఆమోదం పొందాక, ఒక నకలు మీద మాత్రమే నడపాలి. లింకులున్న ఫైలును, మూలభాషలోనూ తెలుగులోనూ, విడిగా భద్రపరచాలి, ఎందుకంటే పుస్తకం తరువాతి కూర్పులో నాలుగు పేరాలు మారినప్పుడు అనువాదానికి వెళ్లవలసిన ఫైలు అదే.